గట్టు రోడ్డు మీద క్రెటానా, ఎలివేటా?

సంక్రాంతికి ముందు కారు కొనేయాలన్న తొందర మన వాళ్ళకి ఎక్కువ కాబట్టి ఈసారి ఉత్తరాలన్నీ కార్ల మీదే వచ్చాయి. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు, అందుకే ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లె, రొయ్యల చెరువులున్నాయి. నెలకి పన్నెండొందల కిలోమీటర్లు తిరుగుతాను. సగం కాలువ గట్ల మీద, మిగతాది భీమవరం, ఏలూరు, రెండు మూడు నెలలకోసారి హైదరాబాదు. ఇంట్లో అమ్మ, నాన్న, మేమిద్దరం, ఒక బాబు. హ్యుందాయ్ క్రెటా డీజిల్ ఆటోమేటిక్, హోండా ఎలివేట్ పెట్రోల్ సీవీటీ (మెట్టు మెట్టుగా గేర్లు ఉండని ఆటోమేటిక్), ఈ రెండిటి దగ్గర ఆగిపోయాను. మా బావ క్రెటా లాగుడు వేరంటాడు. మా ఆవిడ ఎలివేట్ వెనక సీటు బాగుందంటుంది. కంపెనీ పుస్తకంలో చూస్తే ఎలివేట్‌కే పవర్ ఎక్కువుంది. అసలు సుఖంలో, పవర్‌లో ఏది నయం? (ఆక్వా రైతు, ఆకివీడు)

జవాబు: ముందు మీ ఆవిడ మాట వినండి. రేపు వెనక కూర్చునేది ఆవిడ, మీ బావ కాదు. అయితే ఆయన చెప్పిందీ తప్పు కాదండీ, ఇద్దరూ వేరే వేరే రోడ్ల గురించి మాట్లాడుతున్నారు, అంతే.

మన డెల్టా రోడ్లు ఎందుకలా ఉంటాయో తెలిస్తే కారు ఎంచుకోవడం తేలికవుతుంది. మనది ఒండ్రు మట్టి, బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగి పగుళ్ళిస్తుంది. దాని మీద ఎంత తారు పోసినా కొన్నాళ్ళకి అలలు తేలుతుంది. గట్టు రోడ్డయితే కాలువ వైపు అంచు జారి కారు ఒక పక్కకి ఒరిగినట్టే వెళ్తుంది, దాని మీద ఐసు లారీలు, మేత లారీలు, ధాన్యం ట్రాక్టర్లు. అంటే మనకి రెండు రకాల బాధలున్నాయి. ఒకటి గుంత, దబ్బున కొడుతుంది. రెండోది అల, మెల్లగా ఎత్తి మెల్లగా దించుతుంది. గుంతని బాగా మింగే కారు అల దగ్గర ఊగొచ్చు, అల దగ్గర నిలకడగా ఉండే కారు గుంతలో గట్టిగా తగలొచ్చు. షోరూం వాళ్ళు టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్ళే బైపాస్ మీద ఈ రెండూ ఉండవు, అక్కడ ప్రతి కారూ పల్లకీలాగే ఉంటుంది.

సస్పెన్షన్ తయారీ రెండిటికీ ఒకటే. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే ఏర్పాటు), వెనక టార్షన్ బీమ్. టార్షన్ బీమ్ అంటే వెనక చక్రాలు రెండూ ఒక దూలానికి కలిపి ఉంటాయి కాబట్టి ఎడమ చక్రం గుంతలో పడితే ఆ కుదుపు కొంత కుడి పక్క కూర్చున్నవాళ్ళకీ చేరుతుంది. కాబట్టి తేడా అంతా స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఎలా సర్దారన్న దాంట్లో, టైర్లలో ఉంది. నేను రెండూ నడిపాను. ముప్ఫై నలభై స్పీడులో, తారు లేచిపోయిన రోడ్డు మీద, ఎలివేట్ హాయిగా ఉంది. ఖాళీ బండికి నేల నుంచి ఎత్తు 220 మి.మీ., క్రెటాకి 190. ఆ మూడు సెంటీమీటర్లే కదా అనుకోకండి. ట్రాక్టరు చక్రాలు రెండు చాళ్ళు చేసి మధ్యలో గడ్డి మొలిచిన దారి ఉంటుంది చూడండి, అక్కడ ఐదుగురు ఎక్కి డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేశాక ఆ మూడు సెంటీమీటర్లకి లెక్కుంది. బస్తాలు వేస్తే ఏ కారైనా కిందికి దిగుతుంది, పుస్తకంలో అంకె మాత్రం దిగదు.

హైవే ఎక్కాక బొమ్మ మారుతుంది. తొంభై, వంద స్పీడులో క్రెటా నిలకడగా, నిశ్శబ్దంగా వెళ్తుంది. డీజిలైనా లోపల పెద్దగా వినపడదు. ఎలివేట్ తొక్కితే మాత్రం ఇంజను గోల చేస్తుంది, ఆ సంగతి పవర్ దగ్గర చెప్తాను.

టైర్ల గురించి ఒక ముక్క, ఇది ఎవరూ చూడరు. పై వేరియంట్లలో రెండిటికీ 17 అంగుళాల చక్రాలే, కానీ క్రెటాకి 215/60 టైరు, ఎలివేట్‌కి 215/55. ఆ రెండో అంకె టైరు వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో చెప్తుంది. 215లో 60 శాతం అంటే 129 మి.మీ., 55 శాతం అంటే 118. గుంతలో పడ్డప్పుడు ముందు నలిగేది ఆ రబ్బరు గోడే కాబట్టి అది పొడుగుంటే మనకి మంచిది, రిమ్ముకీ మంచిది. ఎలివేట్ కింది వేరియంట్లలో 16 అంగుళాల చక్రానికి 215/60 టైరు వస్తుంది. పల్లెలో తిరిగేవాళ్ళు షోకు చక్రాల కోసం పై వేరియంటుకి వెళ్ళి డబ్బులిచ్చి మరీ కుదుపు కొనుక్కోవడం నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది.

ఇక పవర్. మీరు చూసిన అంకెలు నిజమే. ఎలివేట్ 1.5 పెట్రోల్‌కి 121 పీఎస్ (అంటే దాదాపు హార్స్‌పవరే), క్రెటా 1.5 డీజిల్‌కి 116. కానీ ఆ 121 వచ్చేది ఇంజను 6,600 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, తిరిగినప్పుడు. మీరు జీవితంలో ఎన్నిసార్లు అంత తిప్పుతారు? రోజూ పనికొచ్చేది టార్క్, మీ బావ లాగుడు అన్నది అదే. క్రెటా డీజిల్‌కి 250 న్యూటన్ మీటర్లు, అదీ 1,500 నుంచి 2,750 ఆర్‌పీఎం లోపలే దొరుకుతుంది. ఎలివేట్‌కి 145, అదీ 4,300 దగ్గర. ఆకివీడు నుంచి భీమవరం వస్తుంటే ముందు గడ్డి ట్రాక్టరు ఉంది, ఎదురుగా బస్సు దూరంగా కనపడుతోంది, బండిలో ఐదుగురున్నారు, ఏసీ వేసి ఉంది. డీజిల్లో కాలు కాస్త నొక్కితే బండి ముందుకి లాగేస్తుంది. ఎలివేట్‌లో గట్టిగా తొక్కాలి, సీవీటీ ఇంజనుని పైకి తిప్పుతుంది, ముందు అరుపు వస్తుంది, ఆ వెనక స్పీడు వస్తుంది. ప్రమాదం ఏమీ లేదు, అలవాటైతే ముందే లెక్కేసుకుంటారు, కానీ మొదటి నెల మీరు పక్కన కూర్చున్న నాన్నగారి చేత మాటలు పడతారు.

అదే ఊళ్ళో, ట్రాఫిక్‌లో అయితే సీవీటీ అంత మెత్తగా ఇంకోటి ఉండదు. గేరు మారుతున్నట్టే తెలియదు. క్రెటా డీజిల్‌కి ఉన్నది ఆరు గేర్ల మామూలు ఆటోమేటిక్, అదీ నమ్మకమైనదే, కాస్త నింపాదిగా గేరు మారుస్తుంది.

డబ్బు లెక్క. కంపెనీ చెప్పే మైలేజీ క్రెటా డీజిల్ ఆటోమేటిక్‌కి 19.1, ఎలివేట్ సీవీటీకి 16.92. మన రోడ్ల మీద 15, 12 అనుకుందాం. నెలకి పన్నెండొందల కిలోమీటర్లకి 80 లీటర్ల డీజిల్ లేదా 100 లీటర్ల పెట్రోలు. డీజిల్ 97, పెట్రోలు 109 అని వేసుకుంటే 7,760 రూపాయలు, 10,900 రూపాయలు. ఏడాదికి దాదాపు 38,000 తేడా. డీజిల్ బండికి లక్షన్నర ఎక్కువ పెట్టారనుకోండి, నాలుగేళ్ళకి తిరిగొస్తుంది. మీ లాంటివాళ్ళు కారు ఎనిమిదేళ్ళు ఉంచుతారు. పదేళ్ళకి డీజిల్ బండ్లు తీసేయాలన్న గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది, మనకి కాదు.

సుఖంలో ఇంకొకటి ఉంది, చల్లదనం. మే నెల ఉక్కలో సీటుకి వీపు అతుక్కుపోయే ఊరు మనది. క్రెటా పై వేరియంట్లలో ముందు సీట్లకి గాలి వచ్చే ఏర్పాటు ఉంది. ఎలివేట్ 2023లో వచ్చినప్పుడు అది లేదు. అయితే వెనక కూర్చునే అమ్మగారికి ఆ గాలితో పనేంటి, ఆవిడకి కావాల్సింది కాళ్ళు చాపుకునే చోటు. చక్రాల మధ్య దూరం ఎలివేట్‌కి 2,650 మి.మీ., క్రెటాకి 2,610, వెనక మోకాళ్ళ దగ్గర ఎలివేట్ కొంచెం ఉదారంగా ఉంటుంది. క్రెటా వెనక సీటు వీపు కాస్త వెనక్కి వాలుతుంది, హైదరాబాదు దాకా వెళ్ళేటప్పుడు ఆ వాలు గొప్ప సుఖం. వెడల్పు రెండూ 1,790 మి.మీ.యే కాబట్టి గట్టు మీద ఎదురు బండికి సైడు ఇచ్చే బాధ రెండిటికీ ఒకటే.

మీ తిరుగుడుకి, మీ బరువుకి నేనైతే క్రెటా డీజిల్ తీసుకుంటాను. చెరువు గట్టు మీదికి మాత్రం కారు ఎక్కించకండి, దానికి బైకు ఉందిగా. అడ్వాన్సు కట్టే ముందు ఇద్దరు ఎగ్జిక్యూటివ్‌లనీ బండి వేసుకుని మీ ఊరు రమ్మనండి, వస్తారు, ఈ సీజన్లో తప్పకుండా వస్తారు. అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టి, మీరు నడపకుండా మీరూ వెనకే కూర్చుని, మీ గట్టు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు తిరగండి. ఆ తర్వాత కూడా మీ ఆవిడ ఎలివేటే అంటే ఎలివేటే కొనండి, ఏడాదికి 38,000తో ఇంట్లో శాంతి వస్తే చవకే.

ప్రశ్న: రిటైరైన టీచర్‌ని. నేను, మా ఆవిడ, ఇద్దరమే. గుడి, మార్కెట్టు, డాక్టరు, అన్నీ మూడు కిలోమీటర్ల లోపు. నెలకి మూడొందల కిలోమీటర్లు దాటదు. అల్లుడు క్రెటా డీజిల్ కొనండి, పవర్ బాగుంటుంది అంటున్నాడు. (నరసాపురం)

జవాబు: మాస్టారూ, అల్లుడి మాట ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. ఇప్పటి డీజిల్ బండ్లలో పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అని మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలి పోవాలంటే గొట్టం బాగా వేడెక్కాలి, అంటే అప్పుడప్పుడు హైవే మీద ఇరవై నిమిషాలైనా ఆగకుండా నడపాలి. మీరు మార్కెట్టుకి వెళ్ళి వచ్చేలోపు ఇంజను వేడెక్కనే వేడెక్కదు. ఫిల్టరు మూసుకుపోతుంది, లైటు వెలుగుతుంది, మీకు టెన్షన్, సర్వీసు సెంటర్ వాళ్ళకి పండగ. మీకు పెట్రోలే. ఎలివేట్ సీవీటీ గానీ, క్రెటా పెట్రోల్ ఆటోమేటిక్ గానీ (115 పీఎస్, 144 న్యూటన్ మీటర్లు, కాగితం మీద కవలలే) సరిపోతుంది. మోకాళ్ళ నొప్పులుంటే కారులోకి దిగి కూర్చోకూడదు, ఎక్కీ కూర్చోకూడదు, పక్కకి జరిగి కూర్చోవాలి. మేడమ్ గారిని చీరతోనే షోరూంకి తీసుకెళ్ళి నాలుగైదుసార్లు ఎక్కి దిగమనండి. ఇంకో మాట, మీది సముద్రపు గాలి తగిలే ఊరు. నెలకోసారైనా బండి అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించండి, పైన తళతళ మెరిసే బండి కింద తుప్పు పట్టడం మీ వైపు చాలా చూశాను.

ప్రశ్న: మా అమ్మకి కారెక్కితే వాంతులు. అందుకే బాగా మెత్తగా ఉండే ఎస్‌యూవీ కొందామనుకుంటున్నాం. ఏది మెత్తన? (గృహిణి, అమలాపురం)

జవాబు: అక్కడే పొరపాటమ్మా. మెత్తదనం వేరు, సుఖం వేరు. కడుపులో తిప్పేది చిన్న చిన్న కుదుపులు కాదు, పడవలా నెమ్మదిగా ఊగడం. చెవి లోపలుండే తూకం ఊగుతున్నామని చెప్తుంది, కళ్ళు ముందు సీటు వీపు చూసి కదలడం లేదంటాయి, ఆ తగువుకే వాంతి. అందుకని మరీ మెత్తని స్ప్రింగులున్న బండి గుంతల్లో బాగున్నా, అలలు తేలిన రోడ్డు మీద అమ్మగారికి నరకం. కాస్త బిగువుగా ఉండి, ఒక్కసారి లేచి వెంటనే సర్దుకునే బండి కావాలి. అమలాపురం నుంచి ముక్తేశ్వరం రేవు దాకా ఆవిడని కూర్చోబెట్టుకుని టెస్ట్ డ్రైవ్ చేయండి, రేవు దాకా బాగానే ఉంటే ఆ బండి కొనేయొచ్చు. ఏది కొన్నా ఆవిడ ముందు సీట్లో కూర్చోవాలి, దూరంగా రోడ్డు చూడాలి, ఫోన్ చూడకూడదు. ఏసీ దగ్గర పెట్టే ఆ సెంటు సీసా ముందు తీసి పారేయండి. నడిపేవాళ్ళకీ ఒక మాట, స్పీడ్ బ్రేకర్ దగ్గర సడన్‌గా తొక్కి మళ్ళీ సడన్‌గా లాగించే డ్రైవర్ ఉంటే పల్లకీ కొన్నా లాభం లేదు.

ప్రశ్న: నేను క్రెటా అంటుంటే తమ్ముడు చిన్న ఎస్‌యూవీ చాలంటున్నాడు, పన్ను చాలా తేడా అంటున్నాడు. నిజమా? (తణుకు)

జవాబు: నిజం. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని కార్లకి జీఎస్టీ 18 శాతం. క్రెటా పొడవు 4,330 మి.మీ., ఎలివేట్ 4,312, రెండూ గీత దాటాయి, 40 శాతం. వీటికి అంతకుముందు సెస్సుతో కలిపి 45 ఉండేది, అదొక ఓదార్పు. ముగ్గురే తిరిగేవాళ్ళయితే తమ్ముడి మాట వినొచ్చు. వెనక ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చునే ఇల్లయితే ఆ కొంచెం పొడవుకే మనం డబ్బులిస్తున్నది.

ప్రశ్న: మారుతీ గ్రాండ్ విటారా హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు ఉండేది) 28 మైలేజీ ఇస్తుందంటున్నారు. ఎలివేట్ వదిలేసి అటు వెళ్ళనా? రోజూ ఉద్యోగానికి ముమ్మిడివరం నుంచి కాకినాడ వెళ్ళొస్తాను. (ముమ్మిడివరం)

జవాబు: కంపెనీ లెక్క 27.97. రోడ్డు మీద అంత రాదు గానీ ఈ రోడ్డుకి హైబ్రిడ్ బాగా కుదురుతుంది. కారణం మన ఊళ్ళే. కిలోమీటరుకో స్పీడ్ బ్రేకరు, సెంటరుకో ఆటో స్టాండు. బ్రేకు వేసినప్పుడల్లా మామూలు బండి వేడిగా పారబోసే శక్తిని హైబ్రిడ్ బ్యాటరీలో దాచుకుని మళ్ళీ బండి కదిలేటప్పుడు వాడుకుంటుంది. ప్లగ్గు పెట్టే పని లేదు. ఒకే స్పీడులో హైవే మీద గంటలు గంటలు వెళ్ళేవాళ్ళకి ఈ లాభం తగ్గిపోతుంది. పవర్ మొత్తం కలిపి 116 పీఎస్, మొదటి అడుగు మోటారే వేస్తుంది కాబట్టి ఊళ్ళో చలాకీగా ఉంటుంది, గట్టిగా తొక్కితే మూడు సిలిండర్ల ఇంజను గరగరలాడుతుంది. నేల నుంచి ఎత్తు 210, పర్వాలేదు. డిక్కీ మాత్రం బ్యాటరీ తినేసింది. ఎలివేట్‌కి 458 లీటర్లు, పండక్కి సామానుతో వచ్చే చుట్టాలుంటే ఒకసారి డిక్కీ తెరిచి చూసుకోండి. రోజూ అంత దూరం తిరిగేవాళ్ళు కాబట్టి నా ఓటు హైబ్రిడ్‌కే.

ప్రశ్న: మేం కుర్రాళ్ళం, వారాంతంలో మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మా పిచ్చి. క్రెటా టర్బో తీసుకోవచ్చా? (రాజోలు)

జవాబు: తీసుకోవచ్చు. 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు, ఘాట్‌లో ఉత్సాహంగా ఉంటుంది. పెట్రోలు మాత్రం మీరే పోయించుకోండి, నాన్నగారి కార్డుతో కాదు. మలుపుల్లో లారీలకి దారివ్వండి, వాళ్ళకి బ్రేకులు మీ అంత తొందరగా పడవు.

ప్రశ్న: వానాకాలంలో మా ఊరి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. 220 మి.మీ. ఎత్తున్న ఎలివేట్ కొంటే నీళ్ళలో వెళ్ళొచ్చా? (ఉండి)

జవాబు: మోకాలి లోతంటే దాదాపు 500 మి.మీ., ఏ కారు కొన్నా వద్దు. ఎత్తు అంటే అడుగు తగలకుండా ఉండటానికి, ఈదడానికి కాదు. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు వెళ్తే అసలు గొడవ. గాలి నలుగుతుంది, నీరు నలగదు, లోపల కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇది నాకు డబ్బు ఖర్చు పెట్టి తెలిసింది. కొన్నేళ్ళ కిందట ఒక తుఫాను రాత్రి పాలకొల్లు వైపు వస్తుంటే నీళ్ళలో నా పాత కారు ఆగిపోయింది. ఆగిపోయింది కదా అని ఊరుకోకుండా నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాను. ఆ సెల్ఫే కొంప ముంచింది. ఇన్సూరెన్స్ వాళ్ళు నీళ్ళలో స్టార్ట్ చేశారు కాబట్టి ఇంజనుకి ఇవ్వం అన్నారు, ఇంజను రక్షణ కవర్ నేను తీసుకోలేదు, ఆరు వందలో ఏడు వందలో మిగులుతాయని. మీ ఊరికి ఆ కవర్ తప్పనిసరి. నీళ్ళలో బండి ఆగితే మళ్ళీ తాళం తిప్పకండి, బటన్ నొక్కకండి, దిగి నలుగురిని పిలిచి తోయించి, తాడు కట్టి మెకానిక్ దగ్గరికి లాగించండి. తోసినవాళ్ళకి టీలు ఇప్పించడం మర్చిపోకండి, ఆ రాత్రి నేను మర్చిపోయాను, ఇప్పటికీ అటు వెళ్తే అడుగుతున్నారు.